గీత ఉన్న వైపు

ఇబ్రహీంపట్నం,
2025 సెప్టెంబరు 13, శనివారం.

శ్రీనిధి మేడమ్‌కు,

అసెంబ్లీ షెడ్డులో రెండో వరుస, ఎనిమిదో కుర్చీలో కూర్చునే మనోజ నమస్కరించి రాస్తున్నది. మీరూ మీ ఇంట్లోవాళ్లూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. నేను ఏడో తరగతి వరకే చదివాను. రాతలో తప్పులుంటే మన్నించండి.

మీరు ఆదిభట్ల ఆఫీసు నుంచి మా షెడ్డుకు వచ్చినప్పుడు నా పక్కన స్టూలు వేసుకొని కూర్చున్నారు. ఈ బోరు మోటారు స్టార్టరు బోర్డు గీసింది నేనే, చేసేటప్పుడు ఇబ్బంది ఏమైనా ఉందా అని అడిగారు. లేదని తల ఊపాను. ఉంది మేడమ్. కొత్తవాళ్ల ముందు నాకు నోరు పెగలదు. మొన్న రెండుసార్లు మీ నంబరు నొక్కి, మోగకముందే కట్ చేశాను. అందుకే కాలిపోయి వాపసు వచ్చిన బోర్డుల డబ్బాలో అడుగున ఈ ఉత్తరం పెడుతున్నాను. ఆ డబ్బా మీ బల్ల మీదికే వస్తుంది కదా.

విషయం సుసన్నమ్మది. ఏడో కుర్చీ. ఈ షెడ్డు తెరిచిన రోజు నుంచి ఉన్న మనిషి, నాకు సోల్డరింగు నేర్పిన మనిషి. జూలైలో చేసిన నలభై బోర్డుల్లో పదకొండు వాపసు వచ్చాయి. ఆ నెల ఈ బోర్డు పని ఏడో కుర్చీకే ఇచ్చారు, నలభైకీ వెనక ఏడో నంబరు స్టిక్కరే ఉంది. సూపర్‌వైజరు తిరుమల్ సార్ ఒక బోర్డు పైకెత్తి, ఏమమ్మా, అద్దాలు పెట్టుకుంటవా, పింఛనుకు దరఖాస్తు పెట్టుకుంటవా, ఏదో ఒకటి జల్ది చెప్పు అన్నారు. కొందరు నవ్వారు. ఆమె తన ట్రే ముందుకు లాక్కున్నది. కళ్లు ఆనక తప్పు చేసిందని కాగితం రాశారు. బోర్డు మీది కాబట్టి దాని మీద సంతకమూ మీదేనట, సోమవారం మీరు పెడితే ఆమె పని పోతుంది. ఆమె, మంచం దిగలేని భర్త అంజిలయ్య తాత, ఇద్దరూ ఆ జీతం మీదే బతుకుతున్నారు.

ఈ వారమంతా అన్నం తినే అరగంటలో ఆ బోర్డులనే చూశాను. వీపు పట్టేసి సాయంత్రానికి వంగలేకపోతున్నాను. అయినా చూశాను. సుసన్నమ్మ నేర్పిన వరుస ఇది: ముందు కళ్లతో చూడు, తర్వాత వాసన చూడు, ఆఖరుకే మీటరు పట్టు. పదకొండింటిలోనూ ఒకే చోట నల్లబడింది. అక్కడ పసుపు బిళ్ల ఉంది, అంటే జూలైలో కొత్తగా ఇచ్చిన కెపాసిటర్. మీటరు పెడితే ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య బీప్ మోగుతోంది. బిళ్ల ఊడదీస్తే ఆగిపోతోంది. మిగతా బోర్డు అంతా బాగుంది.

అంతకుముందు అక్కడ రేకు డబ్బీలాంటి కెపాసిటర్ పెట్టేవాళ్లం. దాని మీద నల్ల గీత ఉన్న వైపు మైనస్. డయోడుకూ గీత ఉన్న వైపు మైనస్సే. పనిలో చేరిన రోజునే ఎవరికైనా చెప్పే మాట అది, గీత మైనస్‌కు, ఇంక ఆలోచించకు అని. మీ బోర్డు మీద కూడా మైనస్ గుర్తే అచ్చువేసి ఉంది. డబ్బీలు అయిపోయి బిళ్లలు వచ్చినప్పుడు, వాటి బదులు ఇవి వాడండి అని మీ ఆఫీసు కాగితం వచ్చింది. అందులో ఇంకేమీ లేదు. మొన్న స్టోరు రూములో ఆ బిళ్లలు వచ్చిన ఖాళీ రీలు దొరికింది. దాని అట్ట మీద చిన్న బొమ్మ ఉంది. ఈ బిళ్లకు గీత ఉన్న వైపు ప్లస్.

అంటే నేర్పిన మాట ప్రకారం పెడితే ప్రతి బిళ్లా తలకిందులే. తలకిందులుగా పెట్టినా మొదట పనిచేస్తుంది. మా దగ్గర పది నిమిషాలే కరెంటు పెట్టి చూస్తారు, పాస్ అవుతుంది. పొలంలో నెల తిరిగాక కాలుతుంది. ఒక బోర్డుకు కొత్త బిళ్ల సరిగ్గా తిప్పి పెట్టి, నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడిపాను. వేడి కూడా ఎక్కలేదు. దానికి ఎర్ర దారం కట్టాను, డబ్బాలో పైనే ఉంది చూడండి. మిగతా ఇరవై తొమ్మిది ఇంకా పొలాల్లోనే ఉన్నాయి. ఒక్కొక్కటీ కాలేదాకా ఆగకుండా ముందే తెప్పించండి.

మీరు అడిగినప్పుడు చెప్పనివి కూడా రాస్తాను. భాగం పెట్టాక దాని గుర్తు కిందికి పోయి కనబడదు. గుర్తు బయటికి అచ్చువేయిస్తే, చేసినవాళ్లూ చూస్తారు, తనిఖీ చేసేవాళ్లూ చూస్తారు. మూల మీద వెడల్పు రాగి పట్టీకి నేరుగా కలిపిన కాలు ఒకటి ఉంది. ఎంతసేపు సోల్డరింగు ఇస్త్రీ పెట్టినా వేడంతా ఆ రాగే లాక్కుంటుంది, సోల్డరు మబ్బుగా గడ్డకడుతుంది, తర్వాత ఊగి వదిలేస్తుంది. చుట్టూ రాగి కొంచెం తీసేసి సన్నటి దారులతో కలిపితే ఆ బాధ ఉండదు. ఆకుపచ్చ కనెక్టరు పక్కనే చిన్న భాగం పెట్టారు. ఇస్త్రీ మొన పోయే సందు లేక కనెక్టరు అంచు కాలుతుంది. దానికీ మేమే తిట్లు తింటున్నాం. కొత్త భాగం ఏది మార్చినా, ఏ గీత ఎటు అని ఒక్క బొమ్మ గీసి పంపండి. మాకు అది చాలు.

నా భర్త బాలేష్ కంపెనీ బస్సు నడుపుతాడు. పొద్దున ఇంట్లో నేను రాస్తుంటే చూసి, ఏడు సదివి ఇంజనీరుకు సుద్దులు చెప్తున్నవా అని నవ్వాడు. చదివి వినిపిస్తే ఆలోచనలో పడి, గేరు రాడ్డు మీద బొమ్మ ఉల్టా గీస్తే నేను గూడ బస్సును గోడకే గుద్దుత గద అన్నాడు. ఆ తర్వాత, గది నిజమే గని నీకెందుకే, ఊకో, నీ పని ఇంక పక్కా కాలే అన్నాడు.

తప్పు ఆమె కళ్లది కాదు మేడమ్. కాగితం మీద సంతకం పెట్టేముందు ఎర్ర దారం కట్టిన బోర్డు ఒక్కసారి చూడండి. నేను రాశానని మాత్రం షెడ్డులో ఎవరికీ చెప్పకండి.

ఇట్లు,
మనోజ,
ఎనిమిదో కుర్చీ.

తా.క. షెడ్డుకు వచ్చి ఉత్తరం మడిచి డబ్బాలో పెట్టి, మళ్లీ తీశాను.

మీరు తిరుమల్ సార్‌ను అడుగుతారు. ఆమెకు చూపు తక్కువే, కావాలంటే పరీక్ష చేయించండి అంటారు. నిజంగానే తక్కువ. రెండు కళ్లకూ శుక్లాలున్నాయి, దసరా పోయాక ఆపరేషన్. ఏప్రిల్ నుంచి ఆమె పెద్ద భాగాలే పెడుతోంది. చిన్నవన్నీ ఆమె ట్రే నా వైపు జరిపితే నేను పెట్టి ఇస్తున్నాను. ఏడో నంబరు స్టిక్కరున్న ఆ నలభై బోర్డులకూ పసుపు బిళ్లలు పెట్టింది నేను.

ఆమెకు ఆ సంగతి తెలుసు. తిరుమల్ సార్ అందరి ముందు అన్న రోజు ఆమె నా వైపు చూడను కూడా లేదు. గేటు దగ్గర నా చెయ్యి పట్టుకొని, నాది ఎట్లైనా పోయే పనే బిడ్డా, నువ్వు నోరు తెరువకు అన్నది. నోరు మూసుకోవడం నాకు చేతకానిదేమీ కాదు, ఐదు రోజులు తెరవలేదు.

నాకు ఇరవై నాలుగేళ్లు. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కిస్తాను. ఈ కళ్లతో చూసి, నేర్పినట్లే చేసి, నలభైకి నలభై తలకిందులుగా పెట్టాను. తప్పు చూపుది కాదని చెప్పడానికి నా దగ్గర ఇంతకంటే పెద్ద సాక్ష్యం లేదు. పైన ఎవరికీ చెప్పవద్దని రాసిన మాట కొట్టేయండి. సోమవారం నా పేరు చెప్పండి. అడిగితే ఈసారి తల ఊపను, నోటితోనే చెబుతాను.