వచ్చినవారికిచ్చిన చెంబు

తాండూరు నివాసి, కీర్తిశేషులు బిచ్చయ్య పెద్ద కుమార్తె సుమిత్రమ్మ అనే నేను, యాభై ఎనిమిదో ఏట, ఉదయం పూజ ముగించి, తెలివి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాసిన వీలునామా ఇది. నాకు సంతానం లేదు. వారసులు ఇద్దరే: వికారాబాద్‌లో ఉన్న తమ్ముడు శ్రీశైలం, కరణ్‌కోటలో ఉన్న చెల్లెలు పద్మారాణి.

1. నా స్వార్జితమైన ఈ ఇల్లు ఇద్దరికీ చెరి సగం. నాపరాళ్ల అరుగు మాత్రం పగలగొట్టవద్దు. నాన్న తన చేత్తో పరిచాడు.

2. దేవుని గది సామాను శ్రీశైలం భార్య వినీతకు. వత్తులు నాకన్నా బాగా చేస్తుంది. ఇన్నేళ్లూ ఆ మాట చెప్పలేదు.

3. టీవీ ఎవరైనా తీసుకోవచ్చు. ఒకప్పుడు సినిమా అవార్డులు వస్తే అందరం దాని ముందే. నాన్న సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడిపేవాడు. ఒక ఏడు, సినిమాలకు సౌండు పని చేసిన ఒక ముసలాయన పేరు పిలిచారు. నాన్న కుర్చీలోంచి లేచి దండం పెట్టాడు. "మనసొంటోన్ని గూడ పిలుస్తరు బిడ్డా" అన్నాడు. పేరు పిలవబోయే ముందు ఆ నిశ్శబ్దం, గర్భగుడి తెర తీయబోయే ముందటి నిశ్శబ్దమే.

ఆ ఏటి నుంచి కార్యక్రమం అయ్యాక నాన్న మా ఇంట్లోనూ ఒక రాగి చెంబు ఇచ్చేవాడు, ఎవరికీ కనబడని పని చేసినవారికి, పేరు పిలిచి. నాన్న తరువాత ఆ బాధ్యత నాకొచ్చింది.

4. జనం ఆ కార్యక్రమాలు చూడటం మానేస్తే, కారణం నిడివి అంటారు, ప్రకటనలంటారు. నాకు తోచింది వేరు. సౌండు, లైట్లు చూసే పనివాళ్ల బహుమతులు టీవీలో చూపకుండా కోసేశారు. వచ్చి ముందు వరుసలో కూర్చున్నవారికే ఇస్తారని చూసేవారికి అర్థమైంది. ఇక ఆ నిశ్శబ్దం ఎక్కడుంటుంది.

నేనూ అదే తప్పు చేశాను. అమ్మ మంచాన పడిన ఎనిమిది నెలలూ పద్మారాణి రోజూ బస్సులో వచ్చి ఒళ్లు తుడిచింది, బట్టలు ఉతికింది. అవార్డుల సాయంత్రం ఆమె అమ్మతో ఆసుపత్రిలో ఉంది. శ్రీశైలం పిల్లలతో వచ్చాడు. చిన్నబుచ్చుకుంటాడని చెంబు అతనికిచ్చాను. అతడు దాన్ని ఇక్కడే మరచిపోయాడు. పద్మారాణి ఒక్క మాటే అంది: "వచ్చినోళ్లకిస్తివి అక్కా. టీవీవోళ్లకు నీకు ఫరకేంది?" అమ్మ పోయాక ఆరేళ్లుగా నా గడప తొక్కలేదు.

5. ఆ చెంబు ఇప్పుడు నా ఆస్తిలో లేదు. శ్రీశైలం వెతకవద్దు. మొన్న కార్తీక సోమవారం కరణ్‌కోట పోయి, పద్మారాణి వాకిట్లో నిలబడి పేరు పిలిచాను. మళ్లీ పిలిచాను. తడిచేతులు కొంగుకు తుడుచుకొని, చెంబు రెండు చేతులా అందుకుంది. దేవుని ఎదుట నిలబడ్డట్టే ఉంది నాకు.

6. ఇకమీదట ఈ ఇంట్లో పేరు పిలిచే హక్కు పద్మారాణికి రాసిస్తున్నాను. శ్రీశైలం ఆమెకన్నా పెద్దవాడైనా సరే.

అమలు బాధ్యత వకీలు అరుణ్‌కుమార్‌ది.

తాండూరు, 12 నవంబరు 2025
(సంతకం) సుమిత్రమ్మ

సాక్షులు:
వెంకటేశ్వర్, కిరాణా వ్యాపారి
మల్లికార్జున్, సినిమా హాలు పాత గేట్‌మన్