ఏడాది మానాలట

నా ప్రియమైన పెద్దక్కకి,

ప్రియమైన అని రాశానని సంబరపడకు. ఇది చివరిదాకా చదివాక ఆ మాట కొట్టేయమంటావో ఉంచమంటావో నువ్వే చెప్పు. ఫోనులో చెబితే మధ్యమధ్యలో "సర్లేవే, సర్లే" అంటావు. నాకు చెప్పాల్సింది మరిచిపోయి ఏడుపొస్తుంది. కాగితం అయితే అడ్డురాదు.

నా ఎడమకాలి చీలమండ పైన పుండు సంగతి నీకు తెలియంది కాదు. మా టైలరింగ్ షాపులో నేను బట్టలు కోసే బల్ల అంచు గీరుకుని లేచిన చిన్న గాటు, వానలు వచ్చి వెళ్ళినా, చలి వచ్చి వెళ్ళినా మానలేదు సరికదా, అరచేతిలో సగమైంది. పక్కింటావిడ ఎండలో పెట్టమంది. మా ఆయన స్నేహితుడెవరో ఒక పొడి చల్లమన్నాడు. నువ్వు గాలి తగలనివ్వమన్నావు. అందరి మాటా విన్నాను. పుండొక్కటే ఎవరి మాటా వినలేదు.

చివరికి పెద్దాసుపత్రికి వెళ్ళాం. ఆ డాక్టరు నా కాలు చూశాడు, మాట్లాడింది మాత్రం మా ఆయనతో. కాలు నాది, నొప్పి నాది, మాటలన్నీ ఆయనకి! గది తుడవడానికి వచ్చి బల్లెక్కి పడుకున్న మనిషిలా ఉన్నాను నేను. "ఎక్కువసేపు నిలబడి చేసే పని కదా, కాలి నరాల్లో రక్తం పైకెక్కకుండా కిందే నిలిచిపోతోంది. పుండుకి అదే కారణం. పూర్తిగా మానాలంటే ఏడాది కూడా పట్టొచ్చు" అన్నాడు. ఒట్టి బిగుతు కట్టుతో నెట్టుకురావచ్చట. లేదంటే కట్టుతోపాటు చెడిపోయిన నరాన్ని సూదితో వేడి పంపి మూసేయొచ్చట. ఇంట్లో ఆలోచించుకుని చెప్పమన్నాడు.

ఇంట్లో ఏం ఆలోచించారో చూడు. మీ మరిది మర్నాడు పొద్దున్నే, నాకు చెప్పకుండా, మా షాపుకి వెళ్ళి యజమానితో "ఏడాది మానాలట" అని చెప్పి వచ్చాడు! నేను వెళ్ళేసరికి కిటికీ దగ్గర నా పాత చోట్లో ఎవరో కొత్త మనిషి ప్యాంట్లు కోస్తున్నాడు. నా కత్తెరని పాత కాగితంలో చుట్టి అలమర మీద పెట్టారు. నా ఒళ్ళు ఎలా మండిందో రాయాలంటే ఈ కాగితం కాలిపోతుంది.

ఇంటికొచ్చి నిలదీశాను.

"డాక్టరు మానాలనే కదే అన్నది?"

"పుండు మానాలన్నాడు, నన్ను కాదు!"

"రెండూ ఒకటే కదా. నువ్వు మానితే అదీ మానుతుంది."

ఈ మనిషి కాలికేస్తే వేలికేస్తాడు, వేలికేస్తే కాలికేస్తాడు. పుండుకీ పనికీ ఒకే మాట పెట్టినవాళ్ళని అనాలి గానీ ఈయన్నేం అంటాను!

సరే, ఆయన పొరబడ్డాడు. యజమాని మాటేమిటి? "అలా కాదండీ, నేను మానడం లేదు" అని చెబితే ముఖం ఇటు తిప్పలేదు. గోడకేసి చూస్తూ, "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమ్మా. కొలతలివ్వడానికొచ్చేవాళ్ళు కూడా... కొంచెం వాసన..." అన్నాడు. అప్పుడర్థమైంది. నా బల్లని కిటికీ దగ్గర్నుంచి వెనక గదికి మార్చింది వెలుతురు కోసం కాదు. నాతో కలిసి అన్నం తినే మిషనువాళ్ళు ఈ మధ్య ముందే తినేస్తున్నది ఆకలెక్కువై కాదు. ఇన్నాళ్ళూ ఎవరూ నోరు విప్పలేదు. మా ఆయన తెచ్చిపెట్టిన సాకు దొరగ్గానే అందరికీ ప్రాణం లేచొచ్చింది.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. నా కాలి మీద ఇంకేమైనా పడటానికి చోటెక్కడుంది? అందుకని అసలు మాట కూడా రాసేస్తున్నాను. పోయిన నెల మీ ఇంటికొచ్చినప్పుడు నువ్వేం చేశావు? ముక్కాలిపీట జరిపి, దాని మీద రబ్బరు షీటు పరిచి, "కాలు ఇక్కడ పెట్టుకోవే" అన్నావు. ఆ షీటు పీటకి సరిగ్గా సరిపోయింది. అంచుకి పట్టీ కూడా వేసి ఉంది. కొలతలతో బతికేదాన్ని, నాకు తెలియదా? నేను వస్తున్నానని తెలిసి, నీ పీట పాడవకుండా ముందే కోసి, కుట్టి ఉంచావు. నన్నెత్తుకుని పెంచిన అక్కవి! పరాయివాళ్ళు ముక్కు మూసుకుంటే కోపమొచ్చింది. నువ్వు షీటు పరిస్తే పుండు మీద కారం చల్లినట్టయింది. అందుకే ఉన్నపళంగా వెళ్తానని లేచాను. బస్సు టైమైందన్నది అబద్ధం.

ఇప్పుడు నా నిర్ణయం విను. కట్టూ వద్దు, నరం మూయడమూ వద్దు. నా కాలి గురించి నన్ను తప్ప లోకాన్నంతా అడిగారు కదా, ఆ లోకాన్నే వెళ్ళి కట్టు కట్టించుకోమను. నేనే ఆసుపత్రికీ రాను.

ఇట్లు,
నువ్వు పేరు పెట్టిన
కత్తెర


చెల్లీ, నా కత్తెరా,

నువ్వు రాసింది చదివి ముందు నవ్వాను, తర్వాత తలుపేసుకున్నాను.

ఆ షీటు నీకోసం కోసింది కాదు. నాకోసం కోసుకున్నది.

నాకు కుడికాలు. నీకంటే ముందునుంచీ ఉంది. చలని చెప్పి ఎండాకాలంలో కూడా మేజోళ్ళు వేసుకుంటుంటే నువ్వు వేళాకోళం చేసేదానివి, గుర్తుందా? అదే సంగతి. కూర్చుని పాఠం చెబితే పిల్లలు నిద్రపోతారని ఇన్నేళ్ళూ బల్ల దగ్గర నిలబడే చెప్పాను. ముందు వరసలో పిల్లలు ముక్కు తుడుచుకున్నా రెండడుగులు వెనక్కి జరుగుతాను, జలుబేమోనని సర్దిచెప్పుకుంటాను. బయటపడితే నన్ను తరగతి మాన్పించి ఆఫీసు గదిలో కూర్చోబెడతారు. మీ బావకొక్కడికే తెలుసు, ఎవరికీ చెప్పనని నాకు మాటిచ్చాడు. గాలి తగలనివ్వమని నీకు చెప్పింది వైద్యం తెలిసి కాదే. నేను గదిలో చేసేది అదొక్కటే కనక.

ఆ రోజు నీకు నా పీట ఇచ్చాను. నువ్వు కాలు పెట్టుకున్నాక నాదీ చూపిద్దామని వంగి మేజోడు సగం దించాను కూడా. అంతలో బస్సన్నావు, లేచావు. మళ్ళీ పైకి లాక్కున్నాను.

నీ నిర్ణయం చదివాక నాకు మనసు తేలికైంది. నీలాంటి ధైర్యస్థురాలే ఏ వైద్యమూ వద్దనుకుంది. ఇక నేనెందుకు వెళ్ళి పదిమందిలో కాలు చాపాలి? నువ్వెలా ఉంటే నేనూ అలాగే. అమ్మ కాళ్ళు కూడా ఇలాగే నల్లబడి ఉండేవి, ఆవిడేం చేయించుకుంది గనక!

మరిదిని తిట్టకు. పాపం, మాట పొరబడ్డాడంతే.

ప్రేమతో,
అక్క


అక్కా,

ప్రియమైన అన్న మాట కొట్టేయనక్కర్లేదు. తిట్లు మాత్రం చాలా ఉన్నాయి, కాచుకో.

నేను వద్దన్నానని నువ్వూ వద్దంటావా? ఎవరడిగారు నిన్ను? నేనేదో కోపంలో అంటే దాన్ని పట్టుకుని నీ కాలు కుళ్ళబెట్టుకుంటావా? అంత చదువు చదివి, ఊరందరి పిల్లలకీ బుద్ధి చెప్పి, చివరికి నువ్వు నేర్చుకున్నది మేజోడు పైకి లాక్కోవడమా! నా మొండితనం నా కాలికే అనుకున్నాను. అది నీ కాలిదాకా వస్తుందని తెలిస్తే ఆ మాట రాసేదాన్నే కాదు.

నీ ఉత్తరం మడిచి అలాగే ఆసుపత్రికి వెళ్ళాను. మా ఆయన వస్తానంటే వసారాలో కూర్చోబెట్టాను. డాక్టరు అలవాటు కొద్దీ గుమ్మంకేసి చూసి "మీవారు రాలేదా?" అన్నాడు.

"డాక్టరుగారూ, కాలు ఇక్కడుంది. చెవులు కూడా దానితోపాటే వచ్చాయి. నాకు చెప్పండి."

ఆయన ముఖం ఎర్రబడింది. కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు. చెప్పడం మొదలుపెట్టాక బాగానే చెప్పాడు, బొమ్మ గీసి మరీ.

"పని మానాలా?" అని అడిగాను.

"ఎవరన్నారు? కదలకుండా గంటలు గంటలు నిలబడటం మానండి. మధ్యలో నడవండి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టుకోండి."

గాలికి ఎండబెట్టడం తప్పట, అక్కా. ఎండితే కొత్త చర్మం పాకదట. ముందు పాదానికి రక్తం సరిగ్గా దిగుతోందో లేదో యంత్రంతో విన్నారు. అది చూడకుండా బిగించకూడదట. తర్వాత నర్సు కాలివేళ్ళ దగ్గర్నుంచి మోకాలి కిందిదాకా వరసలు వరసలుగా కట్టు చుట్టింది. మొదట్లో ప్రాణం పోయేంత బిగుతు. వారానికోసారి మార్చాలి. ఇప్పటికే వాపు తగ్గింది, వాసనా తగ్గింది. నరం మూయించుకోవడానికి కూడా ఒప్పుకున్నాను. ఒట్టి కట్టుతో మానినా మళ్ళీ తిరగబెట్టే అవకాశం ఎక్కువట. మళ్ళీ ఆ వెనక గదికి పోవడం నాకిష్టం లేదు. సంతకం నేనే పెట్టాను.

షాపు సంగతి కూడా విను. మా ఆయన్ని వెళ్ళి చెప్పి రమ్మంటే, "వద్దే, ఈసారి నా నోటికి ఏ మాట దొర్లుతుందో, నువ్వే చెప్పుకో" అన్నాడు. నేనే వెళ్ళాను. "మానేది పుండండీ, నేను కాదు. వాసనొస్తే నాతో చెప్పండి, గోడతో కాదు" అన్నాను. యజమాని ఆలోచించి చెబుతానన్నాడు. ఆయన ఆలోచిస్తుండగానే అలమర మీద నుంచి కత్తెర దించుకుని కిటికీ దగ్గర కోయడం మొదలుపెట్టాను. కొత్త మనిషి మంచివాడే, తనంతట తనే వెనక బల్లకి జరిగాడు. యజమాని ఇంకా ఆలోచిస్తూనే ఉన్నట్టున్నాడు.

వచ్చే మంగళవారం నీ కాలు చూడమని అదే డాక్టరుతో మాట్లాడాను. బావగారిని కూడా తీసుకురా, వసారాలో మా ఆయనకి తోడుంటాడు. నువ్వు రాకపోతే నా కట్టు నేనే విప్పేసుకుంటాను. నువ్వెలా ఉంటే నేనూ అలాగే అన్నావుగా, ఆ మాట నాకూ వచ్చు.

ఆ రబ్బరు షీటు అక్కడే పారేసి రా. ఒక్క కాలికి సరిపోయేట్టు కోసుకున్నావు, పిచ్చిదానా. ఇద్దరి కాళ్ళూ పక్కపక్కన పట్టేంత పెద్దది నేను కోసి ఉంచాను. మేజోళ్ళు లేకుండా రా.

నీ
కత్తెర