కుచ్చిళ్లలో ఎర్ర చార

కిహ్ను దీవి,
మే 11, 1997, ఆదివారం.

మా బుజ్జి మారూకి,

మీ అత్త ఆల్మా మనసారా దీవించి రాయునది. ఇక్కడ నేనూ, ఆవూ, మన కుంటి కోడీ బాగానే ఉన్నాం. పార్నులో నువ్వూ, నీ ఆసుపత్రి వంటపనీ బాగున్నాయని తలుస్తాను. నా అక్షరాలు చూసి నవ్వకు. నన్ను మూడో తరగతి మధ్యలోనే మాన్పించి చేపలకు పొగబెట్టే పనిలో పెట్టారు.

పోయిన ఉత్తరం చివర, చిన్న అక్షరాలతో ఒక మాట అడిగావు. జూన్‌లో జాన్ పండగ రాత్రి వేసే మంటలకు ఊరికి రావాలనుంది, ఏ పావడా కట్టుకోను అత్తయ్యా, ఇంకా నల్లదేనా అని. ఈస్టర్ కూడా వెళ్లిపోయింది, నేను జవాబు రాయలేదు. రాద్దామని కూర్చుంటే యాగుప్ కళ్లముందు నిలబడేవాడు. వలలు తీయడానికి మంచు మీదికి వెళ్లి, అది విరిగి, వాడు తిరిగి రాకపోయి ఇది మూడో వసంతం. నీకు మొగుడైతే, నాకు కొడుకు కదా. ఏ రంగని చెప్పను?

ఇంతలో ఇక్కడ ఒక వింత జరిగింది. పట్నం మ్యూజియం నుంచి హెలి అనే పిల్ల, మన పాత పావడాలు చూడాలని వచ్చింది. తను మాత్రం ప్యాంటు వేసుకుంది. మీ క్రీత్ పెద్దమ్మ దాన్ని ఎగాదిగా చూసి, పాపం వీళ్ల ఊళ్లో ఎవరికి పెళ్లయిందో, ఎవరింట్లో మనిషి పోయాడో ఎలా తెలుస్తుందే అంది. అడిగి తెలుసుకుంటాం పెద్దమ్మా అని నవ్విందా పిల్ల. అడిగితే మాత్రం నిజం చెబుతారేంటి అని క్రీత్ వదిన!

ఆ పిల్ల మా పావడాల సంగతంతా అడిగింది. కన్నెపిల్లలకు ఎర్రచారలు ఎక్కువ, ఇంట్లో మనిషి పోతే నలుపు, దుఃఖం తగ్గేకొద్దీ నీలం, ఆ తర్వాత కొద్దికొద్దిగా మళ్లీ ఎరుపు అని చెప్పాను. ఎన్నాళ్లకు ఎంత ఎరుపో ఎవరు చెబుతారమ్మా అంది. క్రీత్, సముద్రంలో ఉప్పెవరు పోశారనీ అడుగుతావా, ఎప్పట్నుంచో ఉన్నదే అని కసిరింది.

నిజం చెప్పాలంటే నాకే తెలుసుకోవాలనిపించింది. పెట్టె తెరిచి మా నాయనమ్మ పావడాలు బయటికి తీశాను. అన్నిటికన్నా పాతదానిలో ఎరుపు వేలెడు కూడా లేదు. హెలి దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, అప్పట్లో ఎరుపు రావాలంటే ఒక మొక్క వేళ్లు తవ్వి ఉడకబెట్టాలి, దారం కన్నా సన్నగా ఉంటాయి, రోజంతా తవ్వినా గుప్పెడు రావు, కొట్లో రంగుపొడి వచ్చాకే చారలు ఇంతింత లావయ్యాయి అని చెప్పింది. అయితే మా ఆచారం సగం కొట్లో కొన్నదేనా అన్నాను. సగమే అమ్మా, మిగతా సగం మీ ఆడవాళ్లే కల్పించుకున్నారు అంది. నాకు భలే నవ్వొచ్చింది. ఎవరో ఆకాశం నుంచి చెప్పారనుకున్నాను ఇన్నాళ్లూ.

ఆ తర్వాత నల్లది తీశాను. మా నాయనమ్మ మొదటి మొగుడు మంచు సముద్రంలో సీల్ జంతువుల వేటకెళ్లి పోయినప్పుడు నేసుకున్నది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే, మొత్తం నలుపే అనుకున్నాను. హెలి నడుము దగ్గర కుచ్చిళ్లు వేళ్లతో విడదీసింది. లోపల ఎర్ర చార! ఒక్కొక్క మడతలోనూ ఉంది. నిలబడితే నలుపు, అడుగు వేస్తే ఎరుపు.

నేతలో పొరపాటయ్యుంటుంది అంది క్రీత్. ప్రతి మడతలోనూ అదే పొరపాటా వదినా అన్నాను. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూసింది.

నాయనమ్మ ఆ తర్వాత ఓడలకు దారి చూపే దీపస్తంభంలో పనిచేసే అతన్ని చేసుకుంది. ఆయనే మా తాత. ఆమె నలుపులోనే ఆగిపోయుంటే నేను లేను, యాగుప్ లేడు.

ఈ చార గురించి ఏమని రాసుకోను అని హెలి అడిగితే, తెలియదని రాసుకోమన్నాను. కానీ ఆ రాత్రంతా నాకు ఒకటే ఆలోచన. మగ్గానికి చారల పడుగు దారాలు ఎక్కించాలంటే ఇద్దరుండాలి, నీకు తెలియనిదా. ఒకే ఇల్లు, ఒకే మగ్గం. ఆ ఎర్రదారం రెండో మనిషి కంట పడకుండా ఉంటుందా? ఆ రెండో మనిషి నాయనమ్మ అత్తగారు. పోయినవాడి తల్లి. చూసి కూడా పడుగు పట్టుకునే నిలబడింది, మారూ.

మర్నాడు నేనూ మగ్గం సర్దాను. అవతలి కొస క్రీత్ పట్టుకుంది, సణుగుతూనే. నీకోసం ఒకటి నేసి ఈ ఉత్తరంతో పాటు పడవలో పంపుతున్నాను. నేను నల్లదే కట్టుకుంటాను, నాకింకా అదే హాయిగా ఉంది. నువ్వు నన్ను చూసి నడవక్కర్లేదు.

దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

మీ అత్త,
ఆల్మా

తా.క.: మూట విప్పి కుచ్చిళ్లలో వెతుకుతావేమో. వెతక్కు. నీ ఎరుపు లోపల దాచలేదు, పైకే వేశాను, నా చేతికి వచ్చినంత లావుగా. ఈస్టర్‌కు ముందు క్రీత్ నిన్ను పార్ను చేపల బజారులో చూసిందట. పక్కన పొడుగాటి అతనెవరో నీ సంచి మోస్తున్నాడట, నువ్వు నవ్వుతున్నావట. మన మారు పాత నవ్వేనా అని అడిగాను. అదే నవ్వు అంది. నేను జవాబు రాయలేకపోయిందీ అందుకే, ఇప్పుడు రాసిందీ అందుకే. పండగకు అతన్ని కూడా తీసుకురా. మూటలో పొగబెట్టిన చేపలూ నల్లరొట్టెలూ పెట్టాను, ఒక్క మనిషికి ఎక్కువే అవుతాయి. ఇద్దరూ కడుపునిండా తినండి.