తప్పే గానీ తప్పదట

అమ్మకు,

నీ పెద్దమ్మాయి నమస్కరించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వు, తమ్ముడు, మరదలు, పిల్లలు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మా క్షేమంలో కాస్త దగ్గు కలిసి ఉందనుకో. అయినా ఉత్తరం మొదట్లో ఆ మాట లేకపోతే నువ్వు రెండో పేరా చదవకుండానే బెంగ పెట్టుకుంటావు.

నీ ఉత్తరం అందింది. తమ్ముడి చేత రాయించకుండా నువ్వే రాసినందుకు సంతోషం. రాసిన వరసలు కాస్త గట్లెక్కి దిగినట్టున్నాయి గానీ ప్రతి మాటా అర్థమైంది. ఫోన్లో అయితే నేనొకటి చెబితే నీకింకొకటి వినబడుతుంది. మొన్న చిన్నదానికి దగ్గు అంటే సిగ్గు అనుకుని, "పెద్దయితే అదే పోతుందిలే" అన్నావు. అందుకే ఇంత పెద్ద సంగతి ఫోన్లో చెప్పలేక కాగితం పట్టుకున్నాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. చిన్నదానికి నువ్వు చెప్పినట్టే పొద్దున్నే తేనె నాకిస్తున్నాను. తగ్గినట్టే ఉంటుంది, కరెంటు పోయి జెనరేటరు వేయగానే మళ్ళీ మొదలు. నీ అల్లుడిని ప్రెస్సులో పగటి డ్యూటీకి మార్చారు, కాబట్టి ఆయన ఒంటికి ఏ పొగా తగలడం లేదు. వెనక గది కిటికీ తెరుస్తున్నావా అని అడిగావు. లేదు. ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదు కదా అని కూడా అడిగావు. దానికి జవాబు ఒక్క ముక్కలో తేలేది కాదు.

నీ ఉత్తరంలో ఒక్క వాక్యం మాత్రం నాకు మింగుడుపడలేదు. "ఎక్కడున్నా ఏదో ఒకటి ఉంటుంది, తప్పదు, సర్దుకుపో" అని రాశావు. అమ్మా, కోపం తెచ్చుకోకు. మనం పిండిమర మీది గదుల్లో ఉన్నన్నాళ్ళూ నువ్వు అదే మాట అన్నావు. పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా కాళ్ళ కింద నేల అదురుతూనే ఉండేది. నన్ను పిలవాలంటే గొంతు చాలక చప్పట్లు కొట్టేదానివి. అన్నంలో పిండిదుమ్ము పడితే ఊది పెట్టేదానివి. ఆ చప్పుడు వల్లే నీ చెవులు పోయాయని డాక్టరు ఎదురుగా కూర్చుని చెబితే, "వయసండీ" అని నువ్వే ఆయనకు సర్దిచెప్పి వచ్చావు. ఆ మరవాడితో ఎవరైనా ఒక్కసారైనా మాట్లాడారా? నాన్న మాట్లాడారా? నాకు తెలియక అడుగుతున్నాను.

మా జెనరేటరు సంగతి నీకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. ఐదంతస్తుల మేడ ఇది, మేం ఉండేది కింద, వెనకవైపు. నేను కుట్టుపని చేసుకునే గది కిటికీలోంచి చెయ్యి చాపితే అందేంత దూరంలో రేకుల షెడ్డు వేసి దాన్ని పెట్టారు. ఇక్కడ కరెంటు రోజూ పోతుంది. అది మొదలైతే నా బల్ల మీద కత్తెర తనంతట తానే నడుచుకుంటూ అంచుదాకా వస్తుంది. పొగగొట్టం మనిషెత్తు కూడా లేదు. వదిలిన పొగ వదిలినట్టు మా గోడకు కొట్టుకుని పైకి పోతుంది. కిటికీ మూసి, సందుల్లో గుడ్డపేలికలు కుక్కి, చెమటలు కార్చుకుంటూ కుట్టుకోవాలి. నేను కుట్టేది చూస్తే డాక్టర్ల తెల్లకోట్లు. తెలుపు తప్ప ఇంకో రంగు పని దొరికినా ఇంత బాధ ఉండేది కాదు.

ఆ గొట్టాన్ని డాబా మీదిదాకా పెంచమని అడిగాను. "చూద్దాం" అన్నారు. ముందువైపుకు మార్చమన్నాను. అక్కడ కార్లు ఉంటాయన్నారు. కార్లకు దగ్గు రాకూడదు మరి. మా మేడ సంఘానికి ఒక ప్రెసిడెంటుగారున్నారు, బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. కేకలు వేసే రకం కాదు, అదే ఇంకా చిరాకు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇప్పించి, ప్రతిసారీ ఒకటే చెబుతారు.

"నీకు ఇబ్బందేనమ్మా, నేను కాదనను. తప్పే. తప్పే గానీ తప్పదు. మూడో అంతస్తులో డ్రిల్లు మాస్టారి ప్రాణం దాని మీద ఉంది. ఆయనకేదన్నా అయితే నువ్వు జవాబు చెబుతావా?"

ఈ డ్రిల్లు మాస్టారు స్కూల్లో ఆటలు నేర్పిన మనిషి. ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఊపిరి అందించే మిషను ఒకటి పక్కనే ఉండాలి, దానికి కరెంటు ఉండాలి. ఒక ముసలాయన ప్రాణం ఒకవైపు, నా పిల్ల దగ్గు ఇంకోవైపు పెట్టి తూయమంటే ఎవరు తూస్తారు? మంచినీళ్ళు తాగి దిగి వచ్చేదాన్ని.

పోయిన మంగళవారం నీ ఉత్తరం వచ్చింది. అదే రోజు పొద్దున ఆస్పత్రికి ఇవ్వాల్సిన కోట్లన్నీ కాజాలు, బొత్తాలు అయిపోయి, ఇస్త్రీ చేసి తీగ మీద వేలాడదీశాను. చిన్నది జ్వరంగా ఉందని బడికి వెళ్ళలేదు. మధ్యాహ్నం దానికి ముందుగదిలో అన్నం పెడుతుండగా కరెంటు పోయింది, షెడ్డులో అది మొదలైంది. ఆ అదురుకు వెనక కిటికీ గడియ ఎప్పుడు జారిందో తెలియదు. నేను వెళ్ళి చూసేసరికి కిటికీ రెక్క బార్లా తెరుచుకుని ఉంది. గదంతా పొగ. కోట్ల మీద నల్లటి నలుసులు. దులిపితే పోతాయనుకుని దులిపాను, గీతలై సాగాయి.

ఒక కోటు చేత్తో పట్టుకుని ప్రెసిడెంటుగారింటికి వెళ్ళాను. ఆయన దాన్ని వెలుతురులో పెట్టి చూశారు. నిజంగానే బాధపడ్డారు కూడా. తర్వాత కుర్చీ వేశారు, మంచినీళ్ళు తెప్పించారు, తప్పదన్నారు.

ఇక్కడిదాకా రాసి ఉత్తరం మూసేద్దామనుకున్నాను. గొడవ పెట్టుకున్నావా అంటే, అడిగి వచ్చానని రాస్తే సరిపోతుంది. కానీ తరువాత జరిగింది నీకు కాక ఇంకెవరికి చెప్పను?

మెట్లు దిగి వస్తుంటే షెడ్డు తలుపు తీసి ఉంది. వాచ్‌మన్ భోజనానికి వెళ్ళినట్టున్నాడు. తాళంచెవి జెనరేటరుకే ఉంది. నేను లోపలికి వెళ్ళి దాన్ని ఆపేశాను. తాళంచెవి తీసుకుని ఇంటికి వచ్చి, తలుపు వేసుకుని కూర్చున్నాను.

మాస్టారి సంగతి ఆ కోపంలో గుర్తులేదని రాస్తే నువ్వు నమ్ముతావు. నా తరఫున తమ్ముడితో వాదిస్తావు కూడా. కానీ గుర్తుంది అమ్మా. చెవి తిప్పేటప్పుడు ఆయన మొహం కళ్ళ ముందు కనబడింది. నా పిల్ల ఇన్నాళ్ళు పడింది, ఆయన కాసేపు పడతాడు, తప్పదు, అనుకున్నాను. సరిగ్గా ఆ మాటే అనుకున్నాను.

ఎంత నిశ్శబ్దంగా ఉందో చెప్పలేను. పక్కవాళ్ళ కుళాయి కారడం వినబడింది. చిన్నది పలక మీద రాసుకుంటూ పాడుకుంటోంది. హాయిగా ఉంది, నిజం చెబుతున్నాను. పైన తలుపులు తెరుచుకోవడం, వాచ్‌మన్‌ను పిలవడం వినిపిస్తూనే ఉన్నాయి, కదల్లేదు. కాసేపటికి చిన్నది పాట ఆపి, ఊపిరి పీల్చుకోవడానికి ఆగింది. అంతే. ఆ చిన్న ఆగడం విన్నాక ఇక కూర్చోలేకపోయాను. పిల్లను అక్కడే ఉండమని చెప్పి, తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని, మూడంతస్తులూ పరిగెత్తుకుంటూ ఎక్కాను.

మాస్టారి కోడలు తలుపు తీసింది. లోపల ఆయన కుర్చీలో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నారు. ముక్కుకు గొట్టం ఉంది, అది పక్కనున్న ఇనప సిలిండరులోకి వెళుతోంది. మిషను ఆగిపోయి ఉంది. నన్ను చూసి ఆయనే మాట కలిపారు. మధ్య మధ్య ఆగి ఊపిరి తీసుకుంటూ మాట్లాడతారు.

"కింద ఉండే అమ్మాయివి కదూ. ఇవాళ ఆ దయ్యం అప్పుడే నోరు మూసుకుందేంటి?"

నేను గుప్పిట విప్పి తాళంచెవి చూపించాను. అంతా చెప్పేశాను. కోటు సంగతి, కిటికీ సంగతి, ఆయన ప్రాణం కోసమే అది తిరుగుతోందని నాకు చెబుతూ వచ్చిన సంగతి. ఆయన బఠాణీలు ఒలవడం ఆపేశారు. అది లిఫ్టు కోసం, నీళ్ళ మోటారు కోసం అని ఆయన ఇన్నాళ్ళూ అనుకుంటున్నారట. కిటికీ వైపు చూపించారు. అక్కడ తడిగుడ్డ కట్టి ఉంది, నల్లగా. పొగ పైకే కదా వెళుతుంది. అది వెళ్ళేది తిన్నగా ఆ ఊపిరి లేని మనిషి గదిలోకే.

అట్లాగని అది అక్కర్లేదని మాత్రం ఆయన అనలేదు. కరెంటు చాలాసేపు పోతే సిలిండరు చాలదు, అప్పుడు నాకూ అది కావాల్సిందే, అబద్ధమాడను అన్నారు. ఆయన ఆ ముక్క చెప్పకుండా ఉంటే నాకు ఎంత బాగుండేదో.

ఇంతలో ప్రెసిడెంటుగారు వచ్చారు. లిఫ్టు ఆగింది గనక ఆయనా మెట్లెక్కి, ఆయాసపడుతూ. తాళంచెవి నా చేతిలో చూశారు. నేను ఆయన చేతిలో పెట్టాను. ఆయన నన్నేదో అనబోతుంటే మాస్టారు చెయ్యెత్తారు, పిల్లల్ని వరసలో నిలబెట్టేటప్పుడు ఎత్తుతారే, అట్లా.

"నాకున్న ఊపిరే తక్కువ. దాన్ని కూడా మీరు వాడేసుకుంటే ఎలాగండీ?"

"మీ మంచికే కదా మాస్టారూ."

"నా మంచికైతే గొట్టం పైదాకా ఎందుకు వెయ్యలేదు?"

ప్రెసిడెంటుగారు కిటికీకి కట్టిన గుడ్డ వైపు చూశారు. మీటింగులో పెడదాం అన్నారు. కిందికి వెళ్ళి జెనరేటరు వేయించారు.

నేను గెలిచి వచ్చానని నువ్వు అనుకుంటున్నావేమో. నేనూ ఒక అంతస్తు దిగేదాకా అలాగే అనుకున్నాను. మాస్టారి కోడలు నా వెనకే వచ్చి, మెట్ల మలుపులో ఆపింది. గొంతు పెంచలేదు.

"ఆ సిలిండరు నిన్న సాయంత్రం వచ్చింది. అంతకుముందు వారం నుంచీ ఖాళీదే ఉంది."

ఒక్క రోజు తేడా, అనుకున్నాను.

"మీ పాప దగ్గు నాకూ వినిపిస్తుందండీ. విన్నప్పుడల్లా నేనూ బాధపడతాను" అంది. ఇంకేదో అనబోయి, వెనక్కి తిరిగి పైకి వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. నీ అల్లుడితో చెబితే, "ఏం కాలేదుగా, వదిలెయ్" అన్నారు. ఏం కాలేదు కాబట్టి వదిలేయొచ్చట. ఎవరిని అడిగినా ఇంతే. ప్రెసిడెంటుగారు కూడా ఇన్నాళ్ళూ ఏం కాలేదు కాబట్టే వదిలేశారు.

మీటింగు అయింది. గొట్టం పెంచాలని అందరూ ఒప్పుకున్నారు, ఇదేదో ఎప్పటినుంచో తమ మనసులో ఉన్నట్టు. గొట్టం వచ్చింది కూడా. వచ్చి, షెడ్డు పక్కన నేల మీద పడుకుని ఉంది. బిగించే మనిషి రేపు వస్తాడు, రేపు వస్తాడు అంటున్నారు. ఈలోగా షెడ్డుకు ఇంకో తాళం వేశారు. ఆ పని మాత్రం ఆ సాయంత్రమే అయిపోయింది. పొగ ఎప్పటిలాగే వస్తోంది. కోట్లు మళ్ళీ ఉతికి, గీతలు పోనివాటికి ముందు భాగాల గుడ్డ మార్చి కుట్టాను. చిన్నదాన్ని పగలంతా ముందుగదిలోనే ఉంచుతున్నాను.

మూడు రోజుల కిందట మాస్టారి కోడలు మా తలుపు కొట్టింది. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలోనే నిలబడి, తను బజారుకు వెళ్ళినప్పుడు కరెంటు పోతే, జెనరేటరు వేసేలోగా మామగారికి సిలిండరు తగిలించడానికి ఎవరూ ఉండరనీ, నేను వచ్చి నేర్చుకోవాలనీ చెప్పింది. అడగలేదు, చెప్పింది. వెళ్ళాను. సిలిండరు తెరవడం, గొట్టం తగిలించడం, గాలి ఎంత మిగిలిందో చెప్పే ముల్లు చూడడం చూపించింది. నేను తొందరపడి తిప్పబోతుంటే మాస్టారు, "మెల్లగా తల్లీ, నేనెక్కడికీ పోవడం లేదు" అన్నారు. ఆవిడ నవ్వలేదు. ఇంకా నన్ను క్షమించలేదు, క్షమించమని నేనూ అడగలేదు. ఆవిడ గడప దాటితే మా తలుపు మీద రెండుసార్లు కొట్టి వెళుతుంది, అంతే.

అమ్మా, ఇది చదివి నీకు భయమేస్తుంది. తర్వాత నీ పద్ధతిలో నన్ను సముదాయించాలని చూస్తావు. పిల్లతల్లివి, నీ పరిస్థితిలో ఎవరున్నా అదే చేసేవాళ్ళు, తప్పదు కదా, అని రాస్తావు. దయచేసి అలా రాయకు. ఆ జెనరేటరు కావాలి, ఆ పొగ అక్కర్లేదు. ఈ రెండింటినీ కలిపి ఒక్క మాటలో కట్టిపడేసి అందరూ నిద్రపోయారు. మాస్టారి ఊపిరి మీద నేను కూడా అదే మాట కప్పి చెవి తిప్పాను. నేను చేసింది తప్పు. తప్పు అని రాయి. తిట్టాలనిపిస్తే తిట్టు, చప్పట్లు కొట్టి నన్ను పిలిచేదానివే, అంత గట్టిగా తిట్టు. నాకు అది చదవాలని ఉంది. తప్పదులే అని మాత్రం నన్ను విడిచిపెట్టకు.

తమ్ముడికి, మరదలికి నేను అడిగానని చెప్పు. పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
కోపం ఇంకా తగ్గని, ఎవరి మీదో కూడా ఇప్పుడు సరిగా తెలియని
నీ పెద్దకూతురు