పాటల మాస్టారి తర్వాతేనా నేను?

ఏమోయ్,

నా దుప్పటి, గ్లాసు విడిగా పెట్టాను, ముట్టుకోకు. నాకూ జ్వరం తగిలింది. మీ ఆసుపత్రికే వెళ్తున్నాను. అన్నం పక్కింటి పిన్నిగారు గడప దగ్గర పెట్టి వెళ్తారు.

ఈ కొత్త జబ్బు పేరు చెబితేనే వీధంతా తలుపులు బిడాయించుకుంటోంది. నువ్వేమో ఆ వార్డులో పాటల మాస్టారికి చెంచాతో జావ తాగిస్తున్నావు. ఆయన మళ్ళీ గొంతెత్తి పాడాడని నిన్న నువ్వు మురిసిపోతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. పోయినేడు నేను జలుబుతో మూలుగుతుంటే మాత్ర బల్లమీద పడేసి, "మీరేమన్నా చిన్నపిల్లాడా?" అన్నావు.

రాత్రంతా నిలబడే ఉంటావు, కాసేపు పడుకుని రా.

వచ్చాక ముందు నా మంచం దగ్గరికి రా. మాస్టారిని తర్వాత పలకరించవచ్చు. నాకు భయంగా ఉంది.