ఎర్ర దారం కట్టిన కోడి

యున్‌సిల్ నాన్నా,

సూప్‌లోకి జిన్సెంగ్ వేళ్ళు తెద్దామని సంతకి వెళ్తున్నా. అమ్మాయీ అల్లుడూ పన్నెండింటి బస్సుకి దిగుతారు. ఈలోపు కోడిని కోసి ఉంచు. పుంజుని, పెట్టని కాదు.

కాళ్ళకున్న దారాలు చూసి పట్టకు. పెట్టలకి ఎర్ర దారం కట్టింది నేనే. ఇవాళ పొద్దున ఎర్ర దారం కట్టుకున్నదే గోడెక్కి కూసింది! దారం దానంతటదే మారిందా? ఈ ఇంట్లో రెండేసి ముడులు వేసేది నువ్వొక్కడివే.

ఇంకా లేత కోళ్ళు, నెత్తిన జుట్టు చూసి మోసపోకు. తోక మొదట్లో ఈకలు చూడు. ఉల్లికాడ కొసలా సూదిగా ఉంటే పుంజు, చెంచాలా గుండ్రంగా ఉంటే పెట్ట.

“అల్లుడొస్తే పెట్టనే కొయ్యాలి, మీ అమ్మ నాకలాగే చేసింది” అంటావు. వచ్చే నెల గుడ్లకొచ్చే పెట్టల్ని నేను కోయనివ్వను. ఉడికాక అతనికేం తెలుస్తుంది?

మోకాలికి పట్టీ వేసుకునే కోళ్ళ దొడ్లోకి దిగు.

యున్‌సిల్ అమ్మ

చెప్పకూడదనుకున్నాను గానీ, ముప్పై ఏళ్ళుగా ఊరందరికీ రుచి వర్ణించి చెప్తున్నావే, మా అమ్మ నీకు కోసిన ఆ పెట్ట, అదీ పుంజే.