పదింటికి వదులయ్యే వేళ్లు

మంగళవారం, రాత్రి

గణపవరం రొయ్యల షెడ్డులో ఈ తెల్లవారుజామున కూడా అమ్మ వేళ్లు వంగలేదు. సూపర్‌వైజర్ అందరి ముందూ నవ్వాడు.

“ఏవండీ మరియమ్మగారూ, పదింటికైతే చకచకా ఒలిచేస్తారు, పొద్దున్నే ఈ నాటకమేంటండీ? రేపూ ఇంతే అయితే ఇక రావద్దులెండి.”

అమ్మ తల దించుకుంది. పక్కనే రొయ్యలు ఒలుస్తున్న నాకు ఒళ్లు మండిపోయింది.

నాటకం కాదది. అమ్మకున్న కీళ్లవాతంలో వాపు రాత్రంతా పెరుగుతుందట. దాన్ని అణిచే కార్టిజాల్ హార్మోను అర్ధరాత్రికి బాగా తగ్గిపోతుంది. తెల్లవారుజామున మళ్లీ పెరిగినా, వేళ్లు వదులయ్యేసరికి పొద్దెక్కుతుంది. ఫోన్లో ఇప్పుడే చదివాను.

రేపు వాడి మొహం మీదే ఇది చెప్పి, అమ్మను పదింటి బ్యాచ్‌లో వెయ్యమంటాను. కానీ నేను నోరు జారితే పని పోయేది అమ్మకే.

అయినా, మొన్నటిదాకా బద్ధకమని అమ్మను తిట్టింది నేనే. అప్పుడూ ఇలాగే తల దించుకుంది...